కథల పుస్తకాలు ఒకటి, రెండు తరగతుల్లో: ఏవి మనం చదవాలి, ఏవి వాళ్ళ చేతికియ్యాలి?

రాయదుర్గం_టీచర్ (అనంతపురం జిల్లా)

అందరికీ నమస్కారం. ఒకటి, రెండు తరగతులు ఒకే గదిలో, మొత్తం 27 మంది. సగం మంది ఇంట్లో కన్నడం. బళ్ళో కథల పుస్తకాలు 90 దాకా ఉన్నాయి. పేజీకి ఒక్క వాక్యం ఉన్నవి, పేజీ నిండా అచ్చున్నవి, తెలుగు–ఇంగ్లీషు రెండూ ఉన్నవి, అన్నీ కలగాపులగం. తలా ఒకటి ఇస్తే మూడు నిమిషాల్లో బొమ్మలు తిరగేసి “అయిపాయ టీచర్” అని వెనక్కి ఇచ్చేస్తున్నారు.

నాకు కావాల్సింది మూడు. వీటిని ఎట్లా వేరు చేసుకోవాలి? పైకి చదివేటప్పుడు వెనక వరస పిల్లలు కథలోంచి జారిపోకుండా ఏం చేయాలి? చేతికిస్తే నెలకే చినిగిపోకుండా ఎట్లా? “ఆసక్తి పెంచండి” లాంటివి వద్దు, అవి మీటింగుల్లో సరిపడా దొరుకుతున్నాయి.

హంద్రీ_గట్టు (కర్నూలు)

మేడం, ముందు వేరు చేసే పని. అట్ట మీద ఏ వయసుకని వేశారో చూడొద్దు. పుస్తకం నడిమధ్య పేజీ తెరిచి అచ్చు చూడండి. కథ తేలిగ్గా ఉండొచ్చు, అచ్చు కష్టంగా ఉండొచ్చు. పిల్లవాడి చేతికిచ్చేటప్పుడు మనకు లెక్క అచ్చుదే.

నేను చూసేవి నాలుగు.

మొదటిది, పేజీకి ఎన్ని మాటలు. ఐదారు మాటలు దాటితే ఒకటో తరగతి చేతికి బరువే.

రెండోది, ఒత్తులు. అన్ని ఒత్తులూ ఒకటి కాదు. అమ్మ, కుక్క, పిల్లి, అన్నం లాంటి ద్విత్వాలు పిల్లల నోట్లో రోజూ నలిగే మాటలే కాబట్టి ఒత్తు గుర్తు రాకపోయినా బొమ్మ చూసి అందుకుంటారు. ‘వృక్షం’, ‘దృశ్యం’, ‘ఆశ్చర్యం’ అలా కాదు. చదవడం కష్టం, చదివినా అర్థం తెలియదు. పేజీకి ఇట్లాంటివి రెండుంటే పుస్తకం పైమెట్టుకు పోవాలి. క్రావడి (ర ఒత్తు) విషయం చూసుకోండి. అక్షరం ముందు నుంచి చుట్టుకొచ్చేదాన్ని వెనక పలకాలి, అందుకే రెండో తరగతిలో కూడా ‘ప్రతి’ని ‘పతి’ అని దాటేస్తారు.

మూడోది, దీన్ని ఎవరూ చూడరు: సంధి. “రాజుగారింటికెళ్ళాడు” అని ఒకే ముద్దగా అచ్చేసిన పుస్తకం, “రాజు గారి ఇంటికి వెళ్ళాడు” అని విడగొట్టి వేసిన పుస్తకం, రెండూ ఒకే కథ కావచ్చు. మొదటిది చదివే పిల్లవాడు ఎనిమిదో అక్షరానికి వచ్చేసరికి మొదటి అక్షరం మర్చిపోతాడు. పాత అనువాద పుస్తకాల్లో ఇది ఎక్కువ. బొమ్మలు అద్భుతంగా ఉంటాయి, వాక్యాలు మాత్రం పెద్దవాళ్ళవి.

నాలుగోది, అచ్చు ఎక్కడ పడింది. బొమ్మ మీద, ముదురు రంగు మీద తెల్ల అక్షరాలు వేసిన పేజీల్లో గుడి, దీర్ఘం కనిపించవు. ‘కి’ని ‘కీ’ అన్నాడని పిల్లవాడిని అనే ముందు పేజీని చూడండి.

ఇట్లా చూసి మూడు కుప్పలు పెట్టండి. ఎర్ర చుక్క: వాళ్ళ చేతికి, పేజీకి ఒక వాక్యం. పచ్చ చుక్క: రెండు మూడు వాక్యాలు, ద్విత్వాలు ఉన్నా ఫరవాలేదు. నీలం చుక్క: మీరు చదివి వినిపించేవి. అక్షరాలే లేని బొమ్మల పుస్తకాలుంటే వేరే పెట్టండి, అవి అన్నిటికంటే విలువైనవి. 90లో నీలం సగం పైనే తేలుతుంది చూడండి. “మాకు పుస్తకాలు చాలా ఉన్నాయి” అనుకునే బళ్ళలో ఒకటో తరగతి చేతికిచ్చేవి 15 కూడా ఉండవు.

తుంగభద్ర_సార్ (కర్నూలు జిల్లా)

సార్ చెప్పిన కుప్పలు బాగున్నాయి గానీ, అసలు ఒకటో తరగతికి ఇప్పుడే పుస్తకాలెందుకు? అక్షరాలు, గుణింతాలు అయ్యేసరికి డిసెంబరు. అప్పటిదాకా చేతిలో పుస్తకం పెడితే బొమ్మ చూసి ఊహించి చెప్పే అలవాటు పడుతుంది. ఆ అలవాటు మూడో తరగతిలో వదిలించలేక చస్తాం. ముందు అక్షరం గట్టిపడనీయండి.

కుందూ_నీళ్ళు (నంద్యాల)

తుంగభద్ర సార్, మీ భయంలో నిజముంది. ఊహించి చెప్పడం వేరు, చదవడం వేరు. దానికి మందు పుస్తకం దాచిపెట్టడం మాత్రం కాదు, రెండు పనులకు రెండు పుస్తకాలు పెట్టుకోవడం. మనం చదివి వినిపించేది పిల్లల చదువు కంటే రెండు మెట్లు పైన ఉండాలి. వాళ్ళ మాటలు, వాక్యాలు, కథ నడక అక్కడ పెరుగుతాయి. వాళ్ళు చదివేది వాళ్ళకొచ్చిన అక్షరాలకు ఒక మెట్టు కిందనే ఉండాలి. మన దగ్గర జరిగే గందరగోళమంతా ఒకే పుస్తకంతో రెండు పనులూ చేయాలనుకోవడంలో ఉంది. నీలం చుక్క పుస్తకం ఇచ్చి “చదువు” అంటే పాపం ఊహించక ఏం చేస్తారు?

డిసెంబరు దాకా ఆగితే ఇంకో నష్టం. గుణింతాలన్నీ అప్పజెప్పి “రామయ్య సంతకు పోయినాడు” అనే వాక్యం దగ్గర ఒక్కో అక్షరం కూడబలుక్కుని, చివరికి రామయ్య యాడికి పోయినాడని అడిగితే బిక్కమొహం వేసే పిల్లలు ప్రతి బడిలో ఉన్నారు. చదివింది కథ అవుతుందన్న ఆశే వాళ్ళకు పుట్టలేదు.

ఇక మేడం అడిగిన రెండో ప్రశ్న, పైకి చదవడం. వివరంగా రాస్తాను, తొందర పడొద్దు.

ముందురోజు పుస్తకాన్ని మీరు రెండుసార్లు పైకి చదవండి. ఎక్కడ ఆగి అడుగుతారో అక్కడ చిన్న కాగితం ముక్క పెట్టండి. మూడు చోట్ల చాలు. పేజీ పేజీకి ఆగితే కథ తెగిపోతుంది, వెనక వరస జారిపోయేది అక్కడే.

27 మంది, చేతిలో నోటుబుక్కు సైజు పుస్తకం. రెండున్నర మీటర్లు దాటితే బొమ్మలో ఏముందో కనిపించదు. అందుకే వెనకవాళ్ళు గిల్లుకుంటారు, అల్లరితనం కాదది. రెండే దారులు. 13, 14 మందిగా విడగొట్టి ఒక జట్టుకు మీరు చదువుతుంటే ఇంకో జట్టుకు పలక పని. లేదంటే పెద్ద పుస్తకం చేసుకోవడం. పిల్లలను వరసలుగా కాకుండా చాప మీద అర్ధచంద్రంగా కూర్చోబెట్టండి. పొట్టివాళ్ళు ముందు.

మీరు కిటికీకి వీపు పెట్టి కూర్చోవద్దు. పిల్లల కళ్ళల్లో వెలుతురు పడుతుంది, పుస్తకం నల్లగా కనిపిస్తుంది. వెలుతురు మీ ముఖం మీద పడాలి. నున్నటి కాగితమైతే కొంచెం కిందికి వంచండి, లేకుంటే మెరుపు తప్ప బొమ్మ అగుపడదు. ఫ్యాను కింద కూర్చుంటే పేజీలు వాటంతటవే తిరిగిపోతాయి, ఆ రెండు నిమిషాలు అందరూ ఫ్యానునే చూస్తారు. పుస్తకాన్ని కింది నుంచి, మధ్య కుట్టు దగ్గర పట్టుకుని, మీ భుజం పక్కన బయటికి తిప్పి ఉంచాలి. బొటనవేలు బొమ్మలోని మేకపిల్ల మీద పడుతోందేమో చూసుకోండి.

అట్ట చూపించి పేరు చదవండి, రాసినవారు, బొమ్మలు వేసినవారు ఎవరో చదవండి. “ఇందులో ఏం జరుగుతుందనుకుంటున్నారు?” అని ఇద్దరు ముగ్గుర్ని అడిగి, తప్పొప్పులు చెప్పకుండా మొదలుపెట్టండి. మొత్తం 12 నుంచి 15 నిమిషాలు. ఆగినచోట “ఇప్పుడు ఏం చేస్తుంది?”, “అది ఎందుకు దాక్కుంది?” లాంటివి అడగండి. “ఎన్ని కోళ్ళున్నాయి? ఏం రంగు?” అనేవి కథను పరీక్షగా మార్చేస్తాయి. అయిపోగానే “ఈ కథలో నీతి ఏమిటి?” అనే ప్రశ్న దయచేసి వద్దు. “అబద్ధం ఆడరాదు” అని 27 మందీ ఒకే గొంతుతో అంటారు, ఆ కథలో అబద్ధమే లేకపోయినా.

అదే పుస్తకాన్ని వారంలో మూడుసార్లు చదవాలి. మొదటి రోజు వినడం. రెండో రోజు మళ్ళీ మళ్ళీ వచ్చే మాట దగ్గర మీరు ఆగితే వాళ్ళు అందుకోవడం. మూడో రోజు బొమ్మలు చూపిస్తే కథ వాళ్ళే చెప్పడం. రోజుకో కొత్త పుస్తకం చదివే టీచర్లు ఎక్కువ పని చేస్తున్నట్టుంటుంది గానీ పిల్లల నోటికి మాట రావాల్సింది రెండో రోజు, మూడో రోజు. వారానికి ఒక నీలం పుస్తకం చాలు.

రాయదుర్గం_టీచర్

చాలా ఉపయోగం సార్. కన్నడం పిల్లల సంగతి? పుస్తకంలో ‘గేదె’ అని ఉంటే తెలుగు పిల్లలకే తెలియడం లేదు, మా వైపు ఎనుము కదా. మార్చి చదవొచ్చా?

కుందూ_నీళ్ళు

మొదటిసారి ఆ పేజీ వచ్చినప్పుడు బొమ్మ మీద వేలు పెట్టి “గేదె, మన ఎనుము” అనండి, కన్నడం పిల్లల వైపు చూసి “ఎమ్మె” అనండి, ముందుకు పోండి. అంతే. ఉపన్యాసం అక్కర్లేదు. అచ్చును పిల్లలు చూస్తూ ఉన్నప్పుడు మాత్రం ఉన్నదున్నట్టు చదవండి. కంటికి ఒకటి, చెవికి ఇంకొకటి పడితే తుంగభద్ర సార్ చెప్పిన ఊహ జబ్బు మనమే నేర్పినట్టు.

చదవడానికి ముందు ఐదు నిమిషాలు బొమ్మల మీద ముచ్చట పెట్టండి, ఏ భాషలో చెప్పినా సరే. కన్నడం వచ్చిన నాలుగో తరగతి పిల్ల ఒకరుంటే ఆ ఐదు నిమిషాలకు పిలుచుకోండి. కథ అర్థమయ్యాక తెలుగు మాట దానంతటదే పట్టుబడుతుంది.

గడప_దగ్గర (కడప)

రెండు భాషల పుస్తకాల గురించి ఒక మాట. మన పాఠ్యపుస్తకాలు ఎడమ పేజీ ఒక భాష, కుడి పేజీ ఒక భాషగా వస్తున్నప్పటి నుంచి అందరికీ ఒక అలవాటయింది: తెలుగు వాక్యం ఒకటి, ఇంగ్లీషు వాక్యం ఒకటి, తెలుగు, ఇంగ్లీషు. కథకు ఇది విషం. ఇంగ్లీషు వస్తున్నప్పుడు పిల్లలు చెవులు మూసుకుని తెలుగు కోసం కాచుకుంటారు. ఒక వారం మొత్తం తెలుగులోనే. కథ నోటికొచ్చాక పై వారం అదే పుస్తకం మొత్తం ఇంగ్లీషులో, మధ్యలో తెలుగు చెప్పకుండా, బొమ్మ చూపిస్తూ. కథ తెలిసే ఉంటుంది కాబట్టి మాటను పట్టుకుంటారు.

సుద్దముక్క (ప్రొద్దుటూరు)

పెద్ద పుస్తకం అన్నారు కాబట్టి చేసే పద్ధతి రాస్తున్నాను. ఊరికే చార్టు మీద కథ రాసి గోడకు అంటిస్తే అది పుస్తకం కాదు. పేజీ తిప్పాలి, తర్వాత ఏమొస్తుందోనని ఎదురుచూడాలి.

డ్రాయింగు చార్టు 56 సెంటీమీటర్లు, 71 సెంటీమీటర్లు ఉంటుంది. సగానికి కోస్తే 56, 35న్నర. అడ్డంగా పెట్టుకోండి. 12 పేజీలకు 6 చార్టులు, ఒక్కవైపే రాయాలి. పల్చటి చార్టుకు మార్కర్ రెండోవైపు దిగుతుంది. తర్వాత రెండేసి వెనకలు కలిపి అంటించుకుంటే ఆరు గట్టి ఆకులవుతాయి. జిగురు అంచుల చుట్టూ రెండు వేళ్ళ మందం మాత్రమే పూయాలి. మొత్తం పూస్తే ఆరేసరికి కాగితం వంకర తిరుగుతుంది. మైదా వద్దు. పురుగు పడుతుంది, పురుగు పడకుండా మైలుతుత్తం కలుపుతారు కొందరు, అది విషం. పిల్లలు వేలు నాక్కుని పేజీ తిప్పుతారని మర్చిపోవద్దు.

ఇప్పుడు రాత. దాదాపు అందరూ దెబ్బతినేది ఇక్కడే. ఇంగ్లీషు అక్షరాలకు గీసినట్టు రెండు గీతలు గీసి తెలుగు రాస్తే ఒత్తుకు చోటుండదు. దాన్ని చిన్నదిగా పక్కన ఇరికిస్తారు. పిల్లవాడికి ‘న్న’ కనిపించదు, ‘న’ పక్కన ఏదో చుక్క కనిపిస్తుంది. అక్షరానికి 4 సెంటీమీటర్లు, పైన గుడికీ తలకట్టుకూ 2, కింద ఒత్తుకు 4. మొత్తం 10. అందుకే ఒక పేజీకి ఒకే వరస. పైన 22 సెంటీమీటర్లు బొమ్మకు వదిలితే కింద 13 మిగులుతుంది, సరిగ్గా సరిపోతుంది. అడ్డం మార్జిన్లు పోను 48 సెంటీమీటర్లు దొరుకుతాయి. అక్షరం వెడల్పు 4, మాటకూ మాటకూ మధ్య 3 చొప్పున లెక్కేసుకోండి. “మేక ఆకు తిన్నది” 34 పడుతుంది. “మేకపిల్ల మందారాకులన్నీ తిన్నది” పట్టదు, రెండో వరసకు పోతుంది, మాట మధ్యలో విరుగుతుంది. వాక్యాన్ని తగ్గించండి, అక్షరాన్ని కాదు.

రంగులు: నలుపు ఒక్కటే. ఒక్కో అక్షరానికి ఒక్కో రంగు వేస్తే గోడకు అందం, చదువుకు చేటు. ఒత్తుకు వేరే రంగు వేసే అలవాటు ఇంకా నష్టం, అది వేరే అక్షరమనుకుంటారు.

ఎడమ అంచు నుంచి 2 సెంటీమీటర్ల లోపలికి మూడు బెజ్జాలు. బెజ్జం వేసే చోట ముందే రెండు వైపులా గుడ్డ టేపు అతికించి తర్వాత పొడవాలి. తాళంచెవుల రింగులు పెడితే పేజీలు చక్కగా తిరుగుతాయి. దారమైతే నెలకు కోసుకుపోతుంది. అట్టకు నోటుబుక్కులొచ్చిన పెట్టె అట్ట చాలు.

చదివేటప్పుడు చీపురుపుల్లతో మాట కింద జరపండి, అక్షరం కింద కాదు. మాట అయ్యేదాకా పుల్ల ఆగాలి. అక్షరం అక్షరానికి పొడిస్తే “మే-క-ఆ-కు” అని ఒకే తీగ లాగుతారు, మాట ఎక్కడ ఆగిందో తెలియదు. అట్టముక్కలో 6 సెంటీమీటర్ల వెడల్పు, 10 సెంటీమీటర్ల ఎత్తు కిటికీ కోసి అక్షరం మీద పెట్టి “ఇదేంది?” అని అడగండి. ‘ఆకు’ లాంటి చిన్న మాట అయితే ఒకటిన్నర అక్షరమే కనిపిస్తుందని గొణగకుండా ఇంకో అట్టకు 10 వెడల్పు కిటికీ కోసుకోండి. రెండూ ఉండాలి, ఒకటి అక్షరానికి, ఒకటి రెండక్షరాల మాటకు.

తుంగభద్ర_సార్

ఈ పుల్ల, కిటికీ పద్ధతి నాకు నచ్చింది. పిల్లవాడి కన్ను బొమ్మను వదిలి అచ్చు మీదికి వస్తుంది. నాలుగో రోజు అదే కథలోని రెండు వాక్యాలను బోర్డు మీద రాసి, బొమ్మ లేకుండా చదివిస్తే ఊహించాడా చదివాడా తేలిపోతుంది. ఒక కాగితాన్ని పొడుగ్గా నాలుగు చీలికలు కోసి ఒక్కో దాని మీద ఒక్కో వాక్యం రాయండి. పిల్లల ముందే మాటలుగా కత్తిరించి, కలిపేసి, మళ్ళీ పేర్పించండి. “తిన్నది మేక ఆకు” అని పేరిస్తే కొట్టివేయొద్దు, తెలుగులో అదీ వాక్యమే. పుస్తకంలో ఎట్లుందో చూసి పెట్టమనండి.

అయినా ఎర్ర చుక్క పుస్తకాన్ని మాత్రం ఆ అక్షరాలు వచ్చాకే చేతికివ్వాలన్నది నా మాట. ఆ విషయంలో తగ్గను.

హంద్రీ_గట్టు

తగ్గొద్దు సార్, చదవమని ఇచ్చేటప్పుడు అదే సరి. అంతకు ముందు చూడమని ఇవ్వండి. అక్షరాలు లేని బొమ్మల పుస్తకాలు అందుకే. పుస్తకం ఎటు నిలువో, పేజీ ఎటు తిప్పాలో, కథ ఎడమ నుంచి కుడికి పోతుందని ఒకటో తరగతిలో జూన్ నెలలో చాలామందికి తెలియదు. దానికి గుణింతాలు అక్కర్లేదు.

పచ్చ చుక్కకు ఎప్పుడు మార్చాలన్నది చాలామంది అడుగుతారు. ఐదు వేళ్ళ లెక్క అని ఒకటి తిరుగుతోంది: పేజీలో ఐదు మాటలు తప్పితే పుస్తకం కష్టమని. అది పేజీకి 50, 100 మాటలుండే పుస్తకాలకు పెట్టిన లెక్క. మన ఎర్ర చుక్క పేజీలో ఉండేదే ఐదు మాటలు. నాలుగు పేజీలు కలిపి 20 మాటలు చదివించండి. రెండు లోపు తప్పులైతే పుస్తకం సరిపోయింది, నాలుగు దాటితే కిందిది ఇవ్వండి. తప్పు చదివి తనే ఆగి దిద్దుకుంటే అది తప్పుగా లెక్కేయొద్దు, అది మంచి సూచన.

చిత్రావతి (ధర్మవరం)

నిమిషానికి ఎన్ని మాటలన్న లెక్క కూడా అదే బాపతు. 2021 జులైలో కేంద్రం మొదలుపెట్టిన నిపుణ్ భారత్ పథకంలో మూడో తరగతి చివరికి నిమిషానికి కనీసం 60 మాటలు అర్థంతో చదవాలని పెట్టారు. ‘అర్థంతో’ అన్న మాట జారిపోయి వాచీ మాత్రం మిగిలింది. తెలుగులో “వెళ్ళిపోవాల్సివచ్చింది” ఒక మాట, “ఆవు” ఒక మాట. ఏ పేరా ఇచ్చారన్నదాన్ని బట్టి అదే పిల్లవాడు 40 చదువుతాడు, 65 చదువుతాడు. వేగం చూడాలనుకుంటే ఏడాది పొడవునా ఒకే రకం అచ్చున్న పేరాలతో చూడండి. కథల పుస్తకం మీద మాత్రం వాచీ పెట్టొద్దు.

గడప_దగ్గర

మూడో ప్రశ్న ఎవరూ ముట్టుకోలేదు: చినగడం. నిజానికి పుస్తకాలు బీరువాలో ఉండిపోయేది దీనివల్లే. స్టాక్ రిజిస్టరులో 90 రాసుకున్నాక ఎవరు అడుగుతారోనని తాళం. తాళం వేసిన పుస్తకం కూడా పోతుంది, చెదలకు. గోడకు ఆనించిన బీరువాలో కింది అర మొదట పోతుంది. గోడకు జానెడు దూరం జరిపి, కాళ్ళ కింద ఇటుకలు పెట్టి, నెలకోసారి దులపండి. కలరా ఉండలు చిన్నపిల్లల గదిలో వద్దు, బిళ్ళలనుకుని నోట్లో వేసుకుంటారు.

రిజిస్టరు భయానికి: పుస్తకం ఒక్కింటికి ఒక నంబరు, వెనక అట్ట లోపలివైపు. పిల్లల రిజిస్టరు వేరే నోటుబుక్కు. నంబరు, పేరు, తీసుకున్న తేదీ, ఇచ్చిన తేదీ, చివర ‘ఎట్లుంది’ అనే గడి. చినిగితే ఆ గడిలో రాయండి. ఆరు నెలలకోసారి పనికిరానివాటి జాబితా హెచ్‌.ఎం. సంతకంతో స్టాక్ రిజిస్టరుకు జత చేస్తే లెక్క లెక్కగానే ఉంటుంది. రాసేది నాలుగు, ఐదో తరగతి పిల్లలు, చూసేది మీరు. శనివారం ఇస్తే సోమవారం రావాలి. వారం ఇస్తే దూలం మీదికెక్కి కూర్చుంటుంది. ఇంటికి పంపేటప్పుడు 25 కిలోల బియ్యం సంచిని కోసి కుట్టిన కవరు ఇవ్వండి. సంగటి చేతులతో తీసినా, వాన పడినా లోపల ఏం కాదు.

చినిగే చోట్లు రెండే. ఒకటి నడిమి పేజీ. పిల్లలకు అందేట్టు గదిలో కట్టిన తాడు మీద పుస్తకాన్ని మధ్యకు తెరిచి గుడ్డలు ఆరేసినట్టు వేస్తారు. బరువంతా పిన్నుల మీద పడి నెల తిరక్కుండా నడిమి ఆకు ఊడుతుంది. మూసిన పుస్తకాన్ని పైఅంచు దగ్గర బట్టల క్లిప్పుతో పెట్టాలి, అట్ట బొమ్మ బయటికి కనిపించాలి. తాడు నేల నుంచి 80, 90 సెంటీమీటర్ల ఎత్తులో ఉండాలి, మీటరుకొక మేకు, లేకుంటే మధ్యలో వేలాడి పుస్తకాలన్నీ ఒకచోటికి జారతాయి. ఎండ పడే గోడ వద్దు. మన ఎండలకు ఒక్క వేసవిలో ఎరుపు, పసుపు తెల్లబోతాయి, నీలం ఒక్కటే మిగులుతుంది.

రెండోది అట్ట మలుపు. పిల్లలు వెనక్కి విరిచి పట్టుకుంటారు. కొత్త పుస్తకం వచ్చిన రోజే మలుపు మీద గుడ్డ టేపు. పారదర్శకంగా ఉండే మామూలు టేపు ఏప్రిల్‌కు పసుపు పచ్చగా మారి, జిగురు కరిగి పక్క పేజీని కూడా లాగుతుంది. లోపలి చినుగులకు పల్చటి తెల్ల కాగితం చీలిక, కొంచెం జిగురు. పిన్ను ఊడితే మళ్ళీ పిన్ను కొట్టకుండా మూడు బెజ్జాలతో దారం వేసి కుట్టండి: నడిమి బెజ్జంలోంచి బయటికి, పై బెజ్జంలోంచి లోపలికి, కింది బెజ్జంలోంచి బయటికి, మళ్ళీ నడిమిలోంచి లోపలికి, ముడి.

ఆదోని_పంతులు (కర్నూలు జిల్లా)

మా వైపు ఇంకో తిప్పలు కలపండి. కోతలు అయ్యాక సుగ్గికి పోతారు. గుంటూరు వైపు మిరపకాయలు కోసేదానికి సంసారాలకు సంసారాలు, పిల్లలతో సహా. శనివారం–సోమవారం పద్ధతి వాళ్ళకు పనికిరాదు. పోయేది ముందే తెలుస్తుంది కాబట్టి ఒక్కో పిల్లకు మూడు పుస్తకాలు కట్టివ్వండి: అక్షరాలు లేనిది ఒకటి, బళ్ళో నోటికొచ్చిన ఎర్ర చుక్క ఒకటి, కొత్తది ఒకటి. పేరు రాసి, పోయిందనుకునే ఇవ్వండి. తిరిగొచ్చాక తరగతి ఏ మెట్టులో ఉందో చూడొద్దు. 20 మాటల లెక్క పెట్టి వాళ్ళున్న మెట్టు నుంచి మొదలుపెట్టండి. పచ్చ చుక్క పిల్లల పక్కన ఎర్ర చుక్క ఇస్తే చిన్నబుచ్చుకుంటారు, అందుకే ఆ వారం వాళ్ళను ఒకటో తరగతికి చదివి వినిపించే పనికి పెట్టండి. ఎర్ర పుస్తకం చదవడానికి గౌరవమైన సాకు దొరుకుతుంది.

రాయదుర్గం_టీచర్

కుప్పలు వేశాను. ఎర్ర చుక్క 11 తేలాయి. హంద్రీ సార్ చెప్పినట్టే అయింది. ఇప్పుడు ఎర్రవి ఎక్కడ తేవాలి?

చిత్రావతి

ప్రథమ్ బుక్స్ వాళ్ళ స్టోరీవీవర్ వెబ్‌సైటు 2015 నుంచి నడుస్తోంది. తెలుగు పుస్తకాలున్నాయి, చాలావరకు క్రియేటివ్ కామన్స్ లైసెన్సు. అంటే రాసినవారి, బొమ్మలు వేసినవారి పేర్లు తీయకుండా అచ్చేసుకోవచ్చు, పంచుకోవచ్చు. మొదటి స్థాయి తీసుకోండి గానీ కళ్ళు మూసుకుని కాదు. ఆ స్థాయి లెక్క 250 మాటల లోపు, సులువైన మాటలని. తెలుగు చేసినవారు ఒత్తులు చూసి చేశారా లేదా అన్నది మీరే చూడాలి. హంద్రీ సార్ పరీక్ష ఇక్కడా పెట్టండి. నలుపు తెలుపులో అచ్చేస్తే రంగు మీద నడిచే కథ చచ్చిపోతుంది. ఎర్ర బుడగ ఏదో, పచ్చ బుడగ ఏదో తెలియదు. అట్లాంటివి వదిలేయండి. గీతల బొమ్మలున్నవి బాగా వస్తాయి, పిల్లలే రంగులు వేసుకుంటారు.

పచ్చ చుక్కకు, మీరు చదివేదానికి మన అనంతపురం వైపు నుంచే వచ్చిన ‘కొత్తపల్లి’ పిల్లల పత్రిక పాత సంచికలు చూడండి. మాట మన మాటకు దగ్గరగా ఉంటుంది.

సుద్దముక్క

ఎర్రవి కొనడం కంటే చేయడం మేలు. ఒక ఏ4 కాగితం, ఒక్క కోత, ఎనిమిది పేజీలు. అడ్డంగా సగానికి మడవండి, మళ్ళీ సగానికి, మళ్ళీ సగానికి. విప్పితే ఎనిమిది గళ్ళు. ఇప్పుడు పొట్టి అంచులు రెండూ కలిసేట్టు ఒక్క మడత వేసి, మడత వైపు నుంచి నడిమి గీత మీదుగా ఒక గడి పొడవు మాత్రమే కత్తిరించండి. పూర్తిగా విప్పితే మధ్యలో రెండు గళ్ళ పొడవున చీలిక ఉంటుంది. నిలువుగా పొడుగ్గా మడిచి, రెండు కొనలూ పట్టుకుని లోపలికి నెడితే చీలిక తెరుచుకుని నాలుగు రెక్కలవుతుంది. ఒకవైపుకు మడిస్తే పుస్తకం. కోత ఒక గడి దాటి అవతలి అంచుదాకా పోయిందా, కాగితం రెండు ముక్కలైపోతుంది. మొదటిసారి పిల్లల చేతికి కత్తెర ఇవ్వకుండా మీరే కోయండి.

అట్ట, వెనక అట్ట పోను ఆరు పేజీలు. ఆరు వాక్యాల కథ ఏదైనా పడుతుంది. జేజి చెప్పిన కథ పిల్లవాడు చెబుతుంటే వాడి మాటలోనే రాయండి, “పోయినాడు” అంటే “వెళ్ళాడు” అని దిద్దొద్దు. బొమ్మలు వాడివి. అట్ట మీద రాసినవారు, బొమ్మలు వేసినవారు అని వాడి పేరు. దీనికీ నంబరు వేసి, ఎర్ర చుక్క పెట్టి, తాడు మీద మిగతావాటి పక్కనే క్లిప్పు పెట్టండి. వేరే చోట పెట్టొద్దు.

తుంగభద్ర_సార్

ఆ ఆరు వాక్యాల్లో అదే మాట మళ్ళీ మళ్ళీ వచ్చేట్టు చూసుకోండి మేడం. “ఎలుక వచ్చింది. పిల్లి వచ్చింది. కుక్క వచ్చింది.” ‘వచ్చింది’ ఒక్కటి గట్టిపడితే మిగిలింది పేరొక్కటే. 27 మందివి 27 పుస్తకాలైతే ఒక టర్ముకు సరిపడా చదువు.

రాయదుర్గం_టీచర్

ఒక్కటి అడగడం మరిచినా సార్. రెండో తరగతివాళ్ళు రాసిన చిన్న పుస్తకంలో తప్పులుంటే, ఒకటో తరగతి అదే చదివి తప్పు నేర్చుకోరా?

కుందూ_నీళ్ళు

చిత్తు వేరే కాగితం మీద రాయించండి. అక్కడ ఒత్తులు, దీర్ఘాలు వాళ్ళ పక్కన కూర్చుని సరిచేయించి, తర్వాత పుస్తకంలోకి ఎక్కించండి. మాట తీరు దిద్దొద్దు అన్నారు గానీ ‘పిలి’ అని రాస్తే ‘పిల్లి’ చేయించాల్సిందే. ఎర్ర పెన్ను పుస్తకంలోకి రాకూడదు, అంతవరకే.

రాయదుర్గం_టీచర్

సరే సార్. చార్టులు, రింగులు రేపు తెప్పిస్తున్నా. గుడ్డ టేపు రాయదుర్గంలో ఎలక్ట్రికల్ షాపులో దొరుకుతుందా, స్టేషనరీలోనా?

గడప_దగ్గర

ఎలక్ట్రికల్‌లో ఇచ్చేది నల్ల ప్లాస్టిక్ టేపు మేడం, అది సాగుతుంది, తీసుకోవద్దు. నోటుబుక్కులు బైండింగు చేసేవాళ్ళ దగ్గర గుడ్డ టేపు అడగండి, రెండు అంగుళాల వెడల్పుది.